కళ్లెదుటే దీవి, దారే దూరం: టొరంటో ఐలాండ్ ఫెర్రీ రివ్యూ

నమస్కారం. టొరంటోలో బే వీధి సరస్సు దగ్గర ఆగిపోయే చోట నిలబడి మాట్లాడుతున్నాను. నా వెనుక, నీటికి అవతల పచ్చగా కనిపిస్తున్నవే టొరంటో దీవులు. ఫెర్రీ ఎక్కితే పావుగంటలో అక్కడ ఉంటాం. ఈ రివ్యూ మాత్రం దీవి మీద కాదు, దీవికి చేర్చే దారి మీద. పార్కుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ప్రైవేటు కార్లు తిరగని పార్కు, చెట్ల నీడ, వెనక్కి తిరిగి చూస్తే నగరమంతా ఒక్క చూపులో. ఇంత మంచి చోటికి ఇంత దగ్గర నుంచి వెళ్లడం ఎందుకు కష్టమవుతోందన్నదే నా బాధ.

నగరపు ప్రధాన రైల్వే స్టేషన్ అయిన యూనియన్ స్టేషన్ నుంచి మొదలుపెడదాం. అక్కడి నుంచి 509 నంబరు స్ట్రీట్‌కార్, అంటే పట్టాల మీద నడిచే ట్రాము, భూగర్భంలోంచే సరస్సు ఒడ్డు వీధి క్వీన్స్ కీకి తీసుకువస్తుంది. లేదంటే బే వీధి వెంట నడిచి రావచ్చు. నేను నడిచే వచ్చాను. రైలు పట్టాల కింద నుంచి, ఆ తరువాత గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే కింద నుంచి దారి. దూరం పెద్దగా లేదు. కానీ పైన రైళ్లు, పక్కన కార్లు రొద పెడుతుంటే, చిన్న బిడ్డను బండిలో తోసుకుంటూ వచ్చే తల్లికి ఇది పార్కుకు పోయే దారిలా అనిపించదు.

ఇదిగో, ఇది జాక్ లేటన్ ఫెర్రీ టర్మినల్. నగర కౌన్సిలర్‌గా చాలా కాలం పనిచేసి, తరువాత దేశస్థాయిలో న్యూ డెమోక్రటిక్ పార్టీకి నాయకుడైన లేటన్ 2011లో మరణించారు. ఆయన కంచు విగ్రహాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ఇద్దరు తొక్కే సైకిలు. ఆయన వెనుక సీటులో నవ్వుతూ కూర్చున్నారు, ముందు సీటు ఖాళీ. వచ్చిన పిల్లలందరూ ఆ సీటు ఎక్కి, హ్యాండిల్ పట్టుకుని ఫొటో దిగుతారు.

ఇక లోపల వరుసలు. సెంటర్ ఐలాండ్, వార్డ్స్ ఐలాండ్, హాన్లన్స్ పాయింట్ అని అవతల మూడు రేవులున్నాయి. ఎండాకాలం వారాంతంలో సెంటర్ ఐలాండ్ వరుస చూస్తే గుండె జారుతుంది. నా ముందు ఒక పెద్దాయన, ఆయన మనవరాలు ఉన్నారు. ఆయన దగ్గర నీలం రంగు ఐసు పెట్టె. వరుస రెండడుగులు కదిలినప్పుడల్లా ఆయన వంగి దాన్ని ఎత్తేవారు, మళ్లీ దించేవారు. కాసేపటికి ఎత్తడం మానేసి పాదంతో నెట్టడం మొదలుపెట్టారు. పాప ఆ పెట్టె మీదే కూర్చుంది. ఓడ నిండగానే గేటు మూశారు. వీళ్లిద్దరూ ఇవతలే ఉండిపోయారు. ఓడ సరిపోనప్పుడు గేటు దగ్గరున్నవాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఆ ఓడల వయసు వినండి. విలియం ఇంగ్లిస్ 1935 నాటిది, శామ్ మెక్‌బ్రైడ్ 1939 నాటిది, థామస్ రెన్నీ 1951 నాటిది, ఒంగియారా 1963 నాటిది. చక్రాలతో నీటిని తోసుకుంటూ వెళ్లే ఆవిరి ఓడ ట్రిలియం అయితే 1910 నాటిది. దాన్ని చూస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అయినా ఒక మహానగరపు రోజువారీ రాకపోకలను ముత్తాతల కాలపు ఓడల మీద మోపడం న్యాయం కాదు. 2022 ఆగస్టులో శామ్ మెక్‌బ్రైడ్ రేవును గట్టిగా ఢీకొని ప్రయాణికులు గాయపడ్డారు. నగరం ఇప్పుడు రెండు పూర్తి విద్యుత్ ఫెర్రీలకు ఆర్డరు ఇచ్చింది. వాటి ఖర్చు 9 కోట్ల కెనడా డాలర్లు దాటింది. ముందు అనుకున్న దానికి ఇది ఎన్నో రెట్లు. ఆ ఖర్చు తప్పదనే నేను అంటాను. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మరింత అయ్యేది.

కానీ కొత్త ఓడలు వచ్చినంత మాత్రాన అసలు చిక్కు విడిపోదు. 1927 నుంచి 1962 దాకా ఈ ఫెర్రీలను నడిపింది టీటీసీ, అంటే బస్సులు, స్ట్రీట్‌కార్లు నడిపే సంస్థే. 1962లో అవి పార్కుల విభాగం చేతికి వెళ్లాయి. అప్పటి నుంచి ఫెర్రీ అంటే ప్రయాణ సాధనం కాదు, విహారంలో ఒక భాగం అయిపోయింది. 2024లో వన్ ఫేర్ అనే ఒకే ఛార్జీ పద్ధతి వచ్చాక టీటీసీ నుంచి, చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లే గో రైలుకు మారినా రెండోసారి ఛార్జీ కట్టనక్కరలేదు. ఫెర్రీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మళ్లీ వేరే టికెట్టు కొనాలి. నలుగురున్న ఇంట్లో ఆ టికెట్ల లెక్క చూసుకుని ప్రయాణం మానుకునేవాళ్లు ఉండరా? దీవిలో కొన్ని వందలమంది కాపురం ఉంటున్నారు, బడి ఉంది. వాళ్లకు ఇది విహారం కాదు, వీధి. అందుకే నేను అడిగేది ఒక్కటే: ఫెర్రీని మళ్లీ నగర రవాణాలో కలపండి. ఒకే ఛార్జీ, ఒకే మ్యాపు. స్ట్రీట్‌కార్ వేళలు చూసి ఓడ కదలాలి.

టర్మినల్ సంగతి కూడా ఇలాంటిదే. దీన్ని కొత్తగా కట్టడానికి 2015లో పోటీ పెట్టి, పైన పచ్చిక, కింద కర్ర పైకప్పు ఉన్న చక్కటి నమూనాను ఎంపిక చేశారు. ఆ బొమ్మ చూసిన కళ్లతో ఈ కంచెలను చూడటం కష్టంగా ఉంది.

వంతెన కట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పడమటి వైపు విమానాశ్రయానికి 2015లో నడక సొరంగం తెరిచారు. కానీ అది విమానాశ్రయంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి పార్కులోకి దారి లేదు. తూర్పున, దీవికీ నగరానికీ మధ్య ఈస్టర్న్ గ్యాప్ అనే చోట నీళ్లు ఇరుకే. అయినా ఓడలు వెళ్లే దారి అది. వంతెన కడితే చాలా ఎత్తుగానైనా ఉండాలి, ఓడ వచ్చినప్పుడు లేచేదిగానైనా ఉండాలి. సైకిలు తొక్కేవాళ్లకు బాగుంటుంది గానీ, ఆ ఐసు పెట్టె పెద్దాయన అంత దూరం వెళ్లి వంతెన ఎక్కలేరు. నన్నడిగితే ముందు ఆ తూర్పు ఒడ్డు నుంచే ఒక చిన్న ఫెర్రీ వేయాలి. డాన్ నది కొత్త ముఖద్వారం దగ్గర 2025లో బీదాసిగే పార్కు తెరిచారు. ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకు ఓడ ఉంటే ఇక్కడి వరుసలో సగం భారం తగ్గుతుందని నా నమ్మకం.

చలికాలం గురించి కూడా చెప్పాలి. అప్పుడు వార్డ్స్ ఐలాండ్‌కే ఫెర్రీ నడుస్తుంది. సెంటర్ ఐలాండ్ చూడాలంటే అక్కడ దిగి మంచులో నడవాలి. ఆ నిశ్శబ్దం కోసం నేను మళ్లీ వెళ్తాను. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను మాత్రం తీసుకువెళ్లలేను.

మీలో ఎవరైనా చక్రాల కుర్చీలో ఉన్నవారితో గానీ, చంటిబిడ్డతో గానీ ఈ ప్రయాణం చేసి ఉంటే, యూనియన్ నుంచి రేవు దాకా ఏ దారిలో వచ్చారో, ఎక్కడ ఆగిపోవాల్సి వచ్చిందో కింద రాయండి. తరువాతి వీడియోలో ఆ దారుల్లోనే నడిచి చూపిస్తాను.