నేల మీద గబ్బిలం, నీటి మీద ఫ్రిగేట్ పక్షి

తమ్ముడు: నమస్కారం. చెన్నై అడయారులో మా మేడ మీద నుంచి మాట్లాడుతున్నాం. గబ్బిలాలు మేతకు బయలుదేరే వేళ. కాకుల గోల వినబడితే మన్నించండి.

అక్క: వాటి వేళకు వచ్చింది మనం, మన్నించాల్సింది అవి! మొన్న వానకు కారు పక్కన పడిన గబ్బిలం సంగతి చెప్పు.

తమ్ముడు: పండ్లు తినే పెద్ద జాతి. ఎవరో తడి గొడుగు పారేశారనుకున్నాను. వంగి చూస్తే నక్క మొహం, కళ్లు నా వైపే!

అక్క: గొడుగే మరి. నీ నాలుగు వేళ్లు గొడుగు పుల్లల్లా సాగి, మధ్యలో పల్చని చర్మం కప్పితే అదే దాని రెక్క. బొటనవేలు మాత్రం కొక్కెంలా బయటే ఉంటుంది. పక్షికి వేళ్ల ఎముకలు అతుక్కుపోయాయి, రెక్క పని ఈకలది.

తమ్ముడు: సరే, దీనికి జోడీగా ఫ్రిగేట్ పక్షిని ఎందుకు తెచ్చావు? ఒకటి మామిడితోటల్లో, ఇంకొకటి నడిసముద్రంలో.

అక్క: తూకం చూడు, రెండూ కిలో అటూ ఇటూ. రెక్కలు చాపితే గబ్బిలం మీటరున్నర లోపే, పెద్ద ఫ్రిగేట్ పక్షి రెండు మీటర్లు దాటుతుంది. దాని ఈకలు ఎముకల కంటే బరువు! వెచ్చని గాలి ఎత్తినంత ఎత్తుకు లేచి, జారుతూ, వారాల తరబడి కిందికి వాలదు.

తమ్ముడు: మరి నిద్ర?

అక్క: గాలాపగస్ దీవుల్లో వాటి తలకు చిన్న పరికరాలు అమర్చి చూశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. ఎగురుతూనే రోజుకు సగటున 42 నిమిషాలు కునుకు. గూటికి చేరాక 12 గంటలకు పైగా!

తమ్ముడు: గబ్బిలానిదే హాయి. వేలాడితే ఒంటి బరువుకే కాలిగోళ్లు బిగుసుకుంటాయి.

అక్క: విచిత్రమేమిటంటే, ఈ సముద్రపక్షి నీళ్ల మీద వాలలేదు. ఈకలు తడిసి ముద్దవుతాయి. ఎగిరే చేపను గాలిలోనే అందుకుంటుంది, లేదా వేరే పక్షిని తరిమి దాని చేపను కక్కిస్తుంది. నీళ్లలో పడితే దానికీ, నేల మీద పడితే మన కారు పక్కన దానికీ ఒకటే అవస్థ, మళ్లీ గాలిలోకి లేవడం కష్టం.

తమ్ముడు: మనదానికి బొటనవేలు ఉందిగా! చేత్తో ముట్టుకోవద్దని నువ్వు అరిచావు కదా, కర్రకు తువ్వాలు చుట్టి అందించాను. పట్టుకుంది. వేప మొదలుకు ఆనించగానే బెరడుకు కొక్కెం తగిలించుకుంటూ పాకింది. పైకొమ్మకు తలకిందులుగా వేలాడి, రెక్కలు నాకి శుభ్రం చేసుకుంది. చీకటి పడ్డాక కొమ్మ వదిలేసింది. మళ్లీ పడిందనుకున్నాను.

అక్క: అవి బయలుదేరేదే అలా. అదిగో, మొదటిది వచ్చేసింది. మైకు ఆపు, చూద్దాం.