ముప్పయ్యో వీధి గది నుంచి నాలుగు రికార్డులు

మిత్రులారా, నమస్కారం.

ఈ సాయంత్రం ఒక్కొక్కరం మనకు ఇష్టమైన రికార్డులు తెచ్చి వినిపించుకుందామని అనుకున్నప్పుడు, జాజ్ తేవాలా, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం తేవాలా అన్నది చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. చివరకు రెండూ తెచ్చాను. ఈ నాలుగు రికార్డులూ ఒకే గదిలో తయారయ్యాయి. న్యూయార్క్‌లో, మన్‌హాటన్ తూర్పు ముప్పయ్యో వీధిలో ఉండిన ఒక పాత చర్చిని కొలంబియా రికార్డ్స్ సంస్థ 1940ల చివర్లో స్టూడియోగా మార్చుకుంది. ఎత్తయిన పైకప్పు వల్ల అక్కడ వాయించిన ప్రతి స్వరం చుట్టూ కొంత గాలి ఆడినట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్లలో కన్నా, ఇలా గదిలో పదిమందిమి కూర్చుని వింటున్నప్పుడే ఆ గాలి బాగా తెలుస్తుందని నా అనుభవం.

మొదటిది 1955 జూన్‌లో కెనడా పియానో వాద్యకారుడు గ్లెన్ గూల్డ్ వాయించిన, జర్మన్ స్వరకర్త బాఖ్ కృతి గోల్డ్‌బర్గ్ వేరియేషన్లు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. ఒక ఆరియా, అంటే మూల గీతం, దాని మీద 30 వేరియేషన్లు, అంటే దాని రూపాంతరాలు, చివర మళ్లీ అదే ఆరియా. బాఖ్ ప్రతి భాగాన్నీ రెండేసి సార్లు వాయించమని రాసినా, గూల్డ్ ఆ ఆవృత్తులను వదిలేసి మొత్తం కృతిని దాదాపు 38 నిమిషాల్లో పూర్తి చేశాడు. వేగం అబ్బురపరుస్తుంది, నిజమే. కానీ నేను ఈ రికార్డును మళ్లీ మళ్లీ తీసేది ఆ వేగంలోనూ ఎడమ చేతి స్వరం కుడి చేతి స్వరంతో కలిసిపోకుండా దేని దారిన అది స్పష్టంగా నడవడం కోసం. వాయిస్తూ ఆయన తీసే కూనిరాగం కూడా వినిపిస్తుంది. దాన్ని లోపంగా భావించేవారు మనలో ఉన్నారు. నాకు మాత్రం అది ఆ గదిలో ఒక మనిషి ఉన్నాడనడానికి గుర్తు.

రెండవది జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో రికార్డయింది. మైల్స్ ట్రంపెట్, జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీల శాక్సోఫోన్లు, పాల్ చాంబర్స్ బేస్, జిమ్మీ కాబ్ డ్రమ్స్. పియానో మీద ఒక్క పాటకు వింటన్ కెల్లీ, మిగిలినవాటికి బిల్ ఎవాన్స్. మొదటి పాట ‘సో వాట్’లో ఎత్తుగడ బేస్‌ది, అది పలికిన ప్రతి మాటకూ మిగిలిన వాద్యాలు రెండే రెండు దెబ్బలతో జవాబు చెబుతాయి. ఆ పాట నడిచే మెట్లు మన ఖరహరప్రియ స్వరస్థానాలే. గమకం లేదు కాబట్టి దాన్ని ఖరహరప్రియ రాగం అనకూడదు. అయినా త్యాగరాజస్వామి కృతులు వింటూ పెరిగిన చెవికి అది పరాయి ఊరిలా అనిపించదు. 16 బార్ల (మన ఆవర్తనాల్లాంటివి) పాటు ఒకే షడ్జం మీద ఉండి, తరువాతి 8 బార్లకు ఆ షడ్జమే అర మెట్టు పైకి జరిగి, మళ్లీ 8 బార్లకు కిందికి వస్తుంది. ఆధార శ్రుతి కదలకూడదన్న నమ్మకంతో పెరిగినవారికి ఆ జరుగుబాటు దగ్గర ఒళ్లు జలదరిస్తుంది.

ఈ రికార్డు విషయంలో మీకు ఒక సంగతి చెప్పాలి. నా దగ్గరి ప్రెసింగ్, అంటే అచ్చయిన రికార్డు ప్రతి, పాతది, దాన్ని ఏళ్ల తరబడి విన్నాను. ఒకసారి వయొలిన్ వాయించే మిత్రుడొకరు మా ఇంటికి వచ్చి, రికార్డుతో పాటు వాయిద్దామని తీగలు శ్రుతి చేసుకున్నారు. మొదటి వైపు అయిపోయి రెండో వైపు తిప్పగానే, “ఏమండీ, శ్రుతి దిగిపోయిందేమిటి?” అన్నారు. టర్న్‌టేబుల్ వేగంలో తేడా ఉంటే రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా. విషయం ఏమిటంటే, మార్చి 2న ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. అందువల్ల ఆ టేపును సరైన వేగంతో నడిపితే ఆనాటి మూడు పాటల శ్రుతి కొద్దిగా పెరిగి వినిపిస్తుంది. ఆ మూడు పాటలే మొదటి వైపు. 1992లో, ఆ రోజు పక్కన నడిచిన రెండో యంత్రం మీది టేపు నుంచి తయారుచేసిన ప్రతిలో గాని అది సరికాలేదు. ఇన్నేళ్లూ నేను ఒక్కడినే వింటూ ఉంటే ఆ తేడా నా చెవికి అంది ఉండేది కాదు. మన సమావేశాల మీద నాకు ఇంత మక్కువ అందుకే. ఇవాళ మన మిత్రులొకరు 1992 తరువాతి ప్రతి తెచ్చారు గనుక, రెండూ పక్కపక్కనే వినవచ్చు.

మూడవది డేవ్ బ్రూబెక్ జాజ్ బృందం ‘టైమ్ అవుట్’, అదే 1959లో, అదే గదిలో. ఆ బృందంలో శాక్సోఫోన్ వాయించే పాల్ డెస్మండ్ కూర్చిన ‘టేక్ ఫైవ్’ అయిదు మాత్రల నడక, మూడు, రెండుగా విరుగుతుంది. మన ఖండచాపు రెండు, మూడుగా విరుగుతుంది. చేత్తో తాళం వేస్తూ వినండి, సమం ఎక్కడ పడుతుందో మీకే తెలుస్తుంది.

నాలుగవది మళ్లీ గోల్డ్‌బర్గ్, మళ్లీ గూల్డ్, మళ్లీ ఆ గదే. కానీ సంవత్సరం 1981. ఈసారి 51 నిమిషాలు. ఆవృత్తులు కొన్ని చేర్చాడు, కానీ నిడివి పెరగడానికి అదొక్కటే కారణం కాదు. ఒక వేరియేషన్ నుంచి ఇంకొకదానికి వెళ్లేటప్పుడు లోపలి లయ తెగకుండా చూసుకున్నాడు. మొదటి రికార్డులో విడివిడి ముత్యాలుగా ఉన్నవి ఇందులో దారం మీదికి వచ్చాయి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, మీరు ఒప్పుకోకపోయినా సరే. ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన డిజిటల్ పద్ధతిలో దీన్ని రికార్డు చేస్తూనే, పక్కన అనలాగ్ టేపు కూడా నడిపారు. ఆ టేపు నుంచి చేసిన ప్రతి 2002లో వెలువడింది. రెండూ దొరికితే రెండూ ఉంచుకోదగినవే. గూల్డ్ 1982 అక్టోబర్ 4న మరణించాడు. ఆ స్టూడియో కూడా అప్పటికే మూతపడింది. తరువాత ఆ భవనాన్ని కూల్చివేశారు.

ఇప్పుడు ముందుగా 1955 ఆరియా పెడతాను, అది రెండు నిమిషాల లోపే అయిపోతుంది. మాట్లాడకుండా వెంటనే 1981 ఆరియా పెడతాను, అది మూడు నిమిషాలు ఉంటుంది. దయచేసి ఆ ఫ్యాను కట్టేయండి.