ఆ కాగితం ఎప్పుడు పంపిస్తారు?

(తెనాలిలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మా లెక్కల మాస్టారికి, మీ అందరికీ నమస్కారం.

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం 'అమెరికాలో తెలుగువారి జీవితం'. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. ఇందాక టీల దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు, చట్టసభ పంపిన బిల్లుల్ని గవర్నర్లు ఆపెయ్యడం గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. బిల్లు కొన్నాళ్ళు ఆగితే కొంపలేం మునుగుతాయి అన్నారొకరు. ఆ మాట విన్నాక నా కాగితాలు సంచిలోంచి బయటికి తీయబుద్ధి కాలేదు. నన్ను మన్నించి, ఆ ఒక్క మాటకే జవాబు చెప్పనివ్వండి.

నేను పదకొండేళ్ళు మెయిన్ అనే రాష్ట్రంలో ఉన్నాను. అమెరికా పటంలో ఈశాన్యం మూల, కెనడాను ఆనుకొని ఉంటుంది. మొత్తం జనాభా 13 లక్షల పైచిలుకు, అంతే. అక్కడ వాషింగ్టన్ కౌంటీలో ఒక చిన్న ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర నా ఉద్యోగం. గాజు పలక, దాని కింద చెయ్యి పట్టేంత సందు. వచ్చినవాళ్ళందరినీ నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇన్సూరెన్స్ కార్డుందా?

ముందొక సంగతి చెప్పాలి, లేకపోతే తికమక పడతారు. అక్కడ గవర్నరంటే మన గవర్నరు లాంటివాడు కాదు. జనం ఓట్లేసి గెలిపించుకున్నవాడు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. చట్టసభ బిల్లు పంపితే సంతకం పెట్టొచ్చు, లేదా వీటో చెయ్యొచ్చు, అంటే కాదని తిప్పి పంపొచ్చు.

2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టం, పేదల వైద్యం ప్రభుత్వమే భరించే మెడికెయిడ్ పథకాన్ని పెంచమంది. దారిద్ర్య రేఖకు 138 శాతం దాకా ఆదాయం ఉన్న వయోజనులందరినీ చేర్చుకోమంది. 2018 లెక్కలో అది ఒంటరి మనిషికి ఏడాదికి సుమారు 16,700 డాలర్లు. 2012 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, చేరడం చేరకపోవడం రాష్ట్రాల ఇష్టం అని తీర్పిచ్చింది. మరి డబ్బెవరిది? 2014 నుంచి 2016 దాకా నూటికి నూరూ కేంద్రానిదే. తర్వాత కొంచెం కొంచెం తగ్గి 2020 నుంచి నూటికి తొంభై. వందలో తొంభై ఇస్తాం తీసుకోండి అంటే వద్దన్నారండీ!

వద్దంటే ఏమైందో చూడండి. రేఖకు పైన ఉన్నవాళ్ళకి ప్రైవేటు ఇన్సూరెన్స్ కొనుక్కోవడానికి కేంద్రం సాయం చేస్తుంది. రేఖకు కింద ఉన్నవాళ్ళని మెడికెయిడ్ చూసుకుంటుంది కదా అని వాళ్ళకి ఆ సాయం పెట్టలేదు. రాష్ట్రం మెడికెయిడ్‌లో చేర్చుకోనంది. దాంతో కాస్త ఉన్నవాడికి సాయం దొరికింది, ఏమీ లేనివాడికి అదీ లేదు, ఇదీ లేదు. 'మీ సంపాదన మరీ తక్కువ, అందుకని మీకు సాయం రాదు' అని మనిషి మొహంలోకి చూసి చెప్పడం నా పనైంది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ నేనేదో తప్పు చెబుతున్నాననుకొని మళ్ళీ చెప్పమనేవాళ్ళు.

వాళ్ళలో ఒకావిడ. యాభై ఎనిమిదేళ్ళు. ఆగస్టులో నేలబారుగా పెరిగే బ్లూబెర్రీ చేలల్లో, దువ్వెనలా పళ్ళున్న రేకు తట్టతో నడుం వంచి కాయ దువ్వేది. నవంబరులో బాల్సమ్ అనే చెట్టు కొమ్మలతో క్రిస్మస్ దండలు కట్టేది. మిగతా నెలల్లో దొరికిన పని. ఆవిడ సందులోంచి చెయ్యి పెడితే వేళ్ళ సందుల్లో చెట్టు జిగురు నల్లగా అంటుకొని ఉండేది, ఆ వాసన నా కిటికీలో సాయంత్రం దాకా పోయేది కాదు. మన గుంటూరు వైపు మిరపకోతకు వెళ్ళినవాళ్ళు రాత్రి అన్నం కలుపుకోలేక చేతులు చన్నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటారు చూడండి, ఆవిడ్ని చూస్తే నాకు వాళ్ళే గుర్తొచ్చేవాళ్ళు. ఆవిడకి షుగరు. ఇన్సులిన్ ఖరీదు భరించలేక రోజు విడిచి రోజు వేసుకునేది.

ఇక అగస్టాలో, అంటే ఆ రాష్ట్ర రాజధానిలో, ఏం జరిగిందో వినండి. చట్టసభ మెడికెయిడ్ విస్తరణ బిల్లు పంపింది. గవర్నరు పాల్ లెపేజ్ వీటో చేశారు. మళ్ళీ పంపింది. మళ్ళీ వీటో. అలా ఐదుసార్లు. వీటోని తోసెయ్యడానికి మూడింట రెండు వంతుల బలం ఒక్కసారీ కుదరలేదు. చివరికి జనమే సంతకాలు సేకరించి ఓటింగు పెట్టించుకున్నారు. 2017 నవంబరు 7న నూటికి 59 మంది కావాలన్నారు. ఈ విస్తరణను ఓటుతో గెలిపించుకున్న మొదటి రాష్ట్రం అదే. 70 వేల మందికి పైగా కార్డు వస్తుందని అంచనా. మర్నాడు ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి కార్డెప్పుడొస్తుందని అడిగింది.

చట్టం ప్రకారం 2018 ఏప్రిల్ 3 లోపు రాష్ట్ర ప్రభుత్వం, మెడికెయిడ్‌ని పెంచుతున్నామని కేంద్రానికి ఒక కాగితం పంపాలి. జూలై 2 నుంచి కార్డులివ్వాలి. కాగితం పంపలేదు. ఏమండీ, ఐదు వీటోల కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. వీటో అంటే కనీసం కాదని మొహాన చెప్పడం. ఇది చెప్పడం కాదు, ఊరుకోవడం. పేదల తరఫు సంస్థలు కోర్టుకు వెళ్ళాయి. పంపమని జూన్‌లో కింది కోర్టు అంది, పై కోర్టుకు వెళ్ళారు. ఆగస్టులో రాష్ట్ర అత్యున్నత కోర్టూ పంపమంది. సెప్టెంబరు మొదట్లో పంపారు. దాంతోపాటే, దీన్ని తిరస్కరించండి అని గవర్నరు కేంద్రానికి ఇంకో ఉత్తరం రాశారు!

ఆయన వైపు మాటా చెప్పాలి, చెప్పకపోతే తప్పు. వెనక మెడికెయిడ్‌ని పెంచినప్పుడు రాష్ట్రం ఆసుపత్రులకు కోట్ల డాలర్లు బాకీ పడింది. 2013లో ఆ బాకీ తీర్పించింది ఆయనే. రాష్ట్రం వాటా ఎక్కణ్ణుంచి తెస్తారో పన్నులు పెంచకుండా చూపించండి అన్నారు. రాష్ట్రాన్ని అప్పుల్లోకి నెట్టడం కన్నా జైలుకెళ్తానన్నారు. పదకొండేళ్ళ వయసులో తండ్రి కొట్టిన దెబ్బలకు ఇంట్లోంచి పారిపోయి వీధుల్లో బతికిన మనిషాయన. ఆయనకి పేదరికం తెలియదని నేననను. ఆ వాదన చట్టసభలో చెయ్యాలి, ఓటింగుకి ముందు జనం దగ్గర చెయ్యాలి. చేశారు, ఓడిపోయారు. ఓడిపోయాక కాగితం ఆపే హక్కు ఎక్కడిదండీ?

కాగితాలాపడం అక్కడ కొత్తా కాదు. 2015లో 65 బిల్లులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఆ రాష్ట్ర రాజ్యాంగంలో పది రోజుల గడువుంది. పది రోజుల్లో తిప్పి పంపకపోతే, సభ నడుస్తున్నంత కాలం, సంతకం లేకుండానే చట్టమైపోతుంది. సభ ముగిసిందనుకున్నానని ఆయనన్నారు. ముగియలేదు, వాయిదా మాత్రమే పడింది, 65 బిల్లులూ చట్టాలే అని ఆగస్టులో న్యాయమూర్తులు తేల్చారు. పది రోజులని రాసి ఉంది కాబట్టి తేల్చగలిగారు!

గవర్నరు దగ్గరికెళ్ళిన బిల్లుల గురించి మన రాజ్యాంగం 200వ అధికరణంలో ఏముంది? 'వీలైనంత త్వరగా' అని ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో గవర్నరు దగ్గర ఆగిన బిల్లుల కోసం సుప్రీంకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. యూనివర్సిటీల్లో ఉద్యోగాల నియామక బోర్డు బిల్లు అందులో ఒకటి. ఎంతమంది పిల్లలు పీహెచ్‌డీలు చేసి ఎదురుచూస్తున్నారో ఇక్కడున్న తల్లిదండ్రులకు నేను చెప్పక్కర్లేదు. ఇలాగే బిల్లులు ఆగిన తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరు గవర్నర్లకు గడువు పెట్టారు. నవంబరులో ఐదుగురి ధర్మాసనం, గడువు పెట్టే అధికారం కోర్టుకు లేదంది. అంటే మళ్ళీ మనకి మిగిలింది 'వీలైనంత త్వరగా'. ఎవరికి వీలైనంత? నడుం వంచి కాయ కోసేవాళ్ళకా?

టైమ్ అయిందని కార్యదర్శి గారు చూపిస్తున్నారు. రెండు నిమిషాలండీ.

మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సాస్ ఇప్పటికీ ఆ మెడికెయిడ్ డబ్బు తీసుకోలేదు. అక్కడ స్థిరపడి ఓటు హక్కొచ్చిన పిల్లలు మీ ఇళ్ళల్లో ఉంటే, ఈ ఆదివారం ఫోన్లో మాట్లాడేటప్పుడు అడగండి, మీ ఊళ్ళో ఈ గొడవ తెలుసా అని.

ఇక ఆవిడ సంగతి. 2018 జూలై 2న, ఎలాగూ తిరస్కరిస్తారని తెలిసీ, దరఖాస్తు పెట్టమని చెప్పాను. పేదల తరఫు సంస్థలవాళ్ళు అందరికీ అదే చెప్పారు: పెట్టండి, తిరస్కరిస్తూ వచ్చిన ఉత్తరం పారెయ్యకండి. ఆవిడ ఆ ఉత్తరాన్ని బిస్కెట్ డబ్బాలో దాచుకుంది. 2019 జనవరి 2న కొత్త గవర్నరు జానెట్ మిల్స్ వచ్చారు, మర్నాడిచ్చిన మొట్టమొదటి ఉత్తర్వు దీని మీదే. ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది, 2018 జూలై 2 నుంచే చెల్లుతుందంది. ఆవిడ పాత ఆసుపత్రి బిల్లులు కూడా తీరిపోయాయి.

కార్డుతో పాటు వచ్చిన ఉత్తరం పట్టుకుని ఆవిడ నా కిటికీకి వచ్చింది. ఆ చలికాలంలోనే షుగరు వల్ల కుడి కంటి చూపు పోయింది, రెండోది మసక. ఉత్తరం సందులోంచి నా వైపు తోసి, తేదీ ఏముందో చదివి పెట్టమంది. 'జూలై 2, 2018' అని చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

సెలవు. నమస్కారం.