చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆగుతుందా?

నమస్తే. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్. చికిత్స ఇక్కడే, హైదరాబాద్‌లోనే జరుగుతోంది. ఉన్నట్టుండి ఆవిడ అన్నం మానేసింది, అరటిపండు కూడా ముట్టడం లేదు. ఎందుకు పిన్నీ అంటే ఫోన్ తీసి చూపించింది: "క్యాన్సర్‌కు తిండి చక్కెరే, ఆపేస్తే దానంతట అదే చచ్చిపోతుంది." కింద వార్‌బర్గ్ ఫొటో. నెల తిరిగేసరికి పిన్ని గాజులు వదులై మోచేతి దాకా జారుతున్నాయి. అది చూశాక ఈ వీడియో చేయకుండా ఉండలేకపోయాను.

ఓటో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1920ల్లో జర్మనీలో గమనించింది నిజమే. ఆక్సిజన్ అందుతున్నా సరే, కణితి కణాలు చాలా గ్లూకోజ్‌ను సగంలోనే వదిలేసి లాక్టిక్ ఆమ్లంగా బయటికి పంపేస్తాయి. అలా చేస్తే ఒక గ్లూకోజ్‌కి మిగిలేది 2 ఏటీపీలే (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం అనుకోండి). కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో పూర్తిగా కాలిస్తే 30 దాకా వస్తాయి. గ్లూకోజ్ ఎక్కడికి ఎక్కువ పోతోందో చూపించే పెట్ స్కాన్‌లో కణితి మెరిసేది కూడా ఈ ఆకలి వల్లే. కానీ అదే స్కాన్‌లో మెదడు కూడా మెరుస్తుంది, దానికీ గ్లూకోజే తిండి మరి! ఆ మాట ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు.

మైటోకాండ్రియా పాడైపోవడమే క్యాన్సర్‌కు మూలమని వార్‌బర్గ్ నమ్మాడు. తర్వాత చూస్తే చాలా కణితుల్లో అవి బాగానే పనిచేస్తున్నాయి. మరి అంత గ్లూకోజ్ ఎందుకు మింగుతున్నట్టు?

[తెరపై: సిటీ బస్సు, ఫుట్‌బోర్డు దగ్గర కండక్టర్]

కోఠి నుంచి పటాన్‌చెరు వెళ్లే 218 బస్సు తీసుకోండి. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నంత మాత్రాన అది కదలదు. కండక్టర్ "రైట్ రైట్" అనాలి. స్టాపు వస్తే "హోల్డాన్" అనాలి. కణంలో డీజిల్ గ్లూకోజ్. తిను, పెరుగు అని చెప్పే కేక వేరే ఉంది. క్యాన్సర్‌లో చాలాసార్లు చెడేది ఆ కేకే.

దాన్ని పట్టుకున్నవాళ్లలో నాకు బాగా ఇష్టమైన శాస్త్రవేత్త అమెరికాకు చెందిన లూయిస్ కాంట్లీ. కెరీర్ మొదట్లో ఆయన పని కణం పొరలో ఉండి, ఏటీపీ ఖర్చుపెట్టి సోడియాన్ని బయటికి తోసే సోడియం పంపు మీద. కండరం నుంచి తీసిన ఏటీపీ వాడితే పంపు మందగిస్తోంది. ఇంకొకరైతే సీసా మార్చేసి ముందుకు వెళ్లేవారు. ఆయన ఆ మలినం వెంటే పడ్డారు. అది ఏటీపీలో కలిసి వచ్చిన వెనడేట్ (వెనేడియం లోహం ఉన్న ఒక పదార్థం) అని 1977లో తేలింది. ఆయన కెరీర్‌లో నేను ముందుగా చెప్పేది ఎప్పుడూ ఈ సంగతే.

1980ల్లోనూ అదే ఓపిక. క్యాన్సర్ కలిగించే వైరస్ ప్రోటీన్లను పట్టుకుని ఒక ఎంజైమ్ కనిపించింది. అది పొరలోని ఒక కొవ్వుకు ఫాస్ఫేట్ తగిలిస్తోంది. అప్పటిదాకా తెలిసిన 4వ స్థానంలో కాదు, 3వ స్థానంలో! 1988లో ఈ సంగతి ప్రచురించారు. ఆ ఎంజైమే పీఐ3 కైనేజ్. (ఫాస్ఫేట్ అనగానే నాకు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించింది ఆయనే.)

మళ్లీ మన బస్సు ఎక్కుదాం. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టగానే "రైట్ రైట్" అనే కండక్టర్ పీఐ3 కైనేజ్. ఆ ఫాస్ఫేట్‌ను పీకేసి "హోల్డాన్" అనేది పీటెన్ అనే ఇంకో ఎంజైమ్. చాలా క్యాన్సర్లలో మొదటిదాని జన్యువు మారిపోయి ఉంటుంది, లేదా పీటెన్ ఉండనే ఉండదు. ఇక స్టాపు వచ్చినా రాకపోయినా రైట్ రైట్, రైట్ రైట్! గ్లూకోజ్ లోపలికి వచ్చే ద్వారాలు పొర మీదికి చేరతాయి. వచ్చిన గ్లూకోజ్ కాలడానికే కాదు, కొత్త కణానికి కావలసిన కొవ్వులు, డీఎన్ఏ కట్టడానికీ పోతుంది.

ఇప్పుడు అన్నం మానేస్తే ఏమవుతుంది? కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, మెదడు బతకాలి కదా. బంకు మూసేస్తే కష్టం ఊళ్లో బస్సులన్నిటికీ వస్తుంది. మొరాయించిన కండక్టర్ అరుపు మాత్రం ఆగదు. అలాగని తీపి ఎంతైనా తినొచ్చని కాదు. ఊబకాయం వల్ల కొన్ని క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ఈ కండక్టర్ నోరు మూసే ఆల్పెలిసిబ్ అనే మందుకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లకు. చిక్కేమిటంటే అది మంచి కణాల్లోనూ సిగ్నల్ ఆపుతుంది కాబట్టి రక్తంలో షుగర్ పెరుగుతుంది. దాంతో ఇన్సులిన్ ఎగబాకి, కణితిలో మళ్లీ రైట్ రైట్. 2018లో కాంట్లీ బృందం ఎలుకల్లో ఈ రకం మందుతోపాటు పిండిపదార్థాలు బాగా తగ్గించిన తిండి పెడితే మందు మెరుగ్గా పనిచేసింది. మందు లేకుండా ఆ తిండి ఒక్కటే పెట్టినప్పుడు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న ఎలుకల్లో జబ్బు ఇంకా వేగంగా ముదిరింది.

ఈ ఒక్క ముక్క రెండుసార్లు చదివించుకున్నాక పిన్ని ఆసుపత్రిలో డైటీషియన్‌ను కలవడానికి ఒప్పుకుంది. గురువారం తీసుకెళ్తున్నాను.