విండోస్ పడిపోతే డేటా పోయినట్టు కాదు, ముందు ఆ ఫార్మాట్ ఆపండి

హాయ్ అండి. ఇవాళ కొంచెం చిరాగ్గానే మొదలుపెడుతున్నా, ఇదే మాట వినీ వినీ విసుగొచ్చేసింది. "అన్నా, ల్యాప్‌టాప్ క్రాష్ అయింది, డేటా మొత్తం పోయింది." పోయిందని ఎవరు చెప్పారు? బ్లూ స్క్రీన్ వచ్చింది, లేదా లోగో దగ్గర చుక్కలు తిరుగుతూ ఆగిపోయింది, అంతేగా. వెంటనే వీధి చివర షాపుకి పట్టుకెళ్తారు, ఆయన "విండోస్ ఎక్కించేస్తే సరిపోద్ది" అంటాడు, వీళ్ళు తలూపుతారు. డేటా పోయేది అక్కడండీ, క్రాష్ దగ్గర కాదు.

ఒక కిరాణా కొట్టు అనుకోండి. కౌంటర్ దగ్గర షావుకారు, వెనకాల గోడౌన్. షావుకారు విండోస్, గోడౌన్‌లో బస్తాలు మీ ఫైళ్ళు. మీరు ఏది అడిగినా ఆయనే లోపలికెళ్ళి తెచ్చిస్తాడు, అందుకని ఆయన జ్వరమొచ్చి పడుకునేసరికి సరుకే లేదనుకుంటున్నారు. సరుకు ఎక్కడికీ పోలా. షావుకారుకి జ్వరమొచ్చిందని గోడౌన్ ఖాళీ చేయిస్తారా ఎవరైనా? ఫార్మాట్ అంటే అదే మరి.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఒక తప్పుడు అప్‌డేట్ వచ్చి ప్రపంచమంతా బ్లూ స్క్రీన్లు, మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల మెషీన్లు. అంటే 85 లక్షల మంది షావుకార్లు ఒకేసారి మంచమెక్కారన్నమాట, కానీ గోడౌన్లు చెక్కుచెదరలేదు, సేఫ్ మోడ్‌లోకెళ్ళి, అంటే విండోస్‌ని అత్యవసరమైన వాటితోనే లేపి, ఒక్క ఫైల్ తీసేస్తే మెషీన్లు చాలా వరకు లేచి కూర్చున్నాయి.

సరే, గోడౌన్‌లోకి ఎలా వెళ్ళాలి. అన్నిటికంటే ముందు, ఫోన్‌లోనో ఇంకో సిస్టమ్‌లోనో మీ వన్‌డ్రైవ్, అదే ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు, తెరిచి చూడండి. చాలామందికి తెలీకుండానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందులోకి ఎక్కిపోతుంటాయి. మామూలుగా నాకు ఆ ఫీచర్ అంటే ఒళ్ళు మంట, కానీ ఈ ఒక్క రోజు మాత్రం దండం పెట్టుకోండి.

అక్కడ లేవా, అయితే రికవరీ స్క్రీన్. విండోస్ వరసగా రెండుమూడుసార్లు లేవలేకపోతే తనే ఆటోమేటిక్ రిపేర్ అని చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. దారిలో "రీసెట్ దిస్ పీసీ" అని కనపడుద్ది, దాని జోలికి వెళ్ళకండి బాబూ. కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, నోట్‌ప్యాడే, నవ్వకండి, అందులో ఫైల్, ఓపెన్ నొక్కి కింద ఆల్ ఫైల్స్ పెడితే మీ డ్రైవ్‌లన్నీ కనపడతాయి, అక్కడే రైట్ క్లిక్ కాపీ, వెళ్ళి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్. సి డ్రైవ్ అక్కడ డి అనో ఈ అనో ఉండొచ్చు, కంగారు పడొద్దు. షావుకారు పడుకున్నా కిటికీ తెరిచే ఉందన్నమాట.

కిటికీ కూడా పనిచేయకపోతే ఇంకో షావుకారుని తెచ్చుకుందాం. వేరే సిస్టమ్‌లో రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి "ట్రై ఉబుంటు" నొక్కండి. ట్రై, ఇన్‌స్టాల్ కాదు! డెల్, లెనోవోల్లో దేన్నుంచి ఆన్ అవ్వాలో ఎంచుకునే బూట్ మెనూకి ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. డిస్క్ తెరవనని మొండికేస్తే బలవంతం చేయకుండా రీడ్ ఓన్లీగా, అంటే ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే, మౌంట్ చేయండి, మనకి కావాల్సింది చదవడమే.

ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోతే డ్రైవ్ విప్పి బయటికి తీయించి, యుఎస్‌బి ఎన్‌క్లోజర్‌లో, అంటే కేబుల్‌తో తగిలించే చిన్న డబ్బాలో, పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలించడమే. ఆ డబ్బా కొనేముందు మీ డ్రైవ్ ఏ రకమో, సాటానా, ఎన్‌విఎంఇనా చూస్కోండి, రెండిటికీ ఒకటే డబ్బా పనికిరాకపోవచ్చు. యూజర్స్ ఫోల్డర్ పర్మిషన్ లేదంటే కంటిన్యూ కొట్టండి.

ఇక్కడే అసలు తలనొప్పి, బిట్‌లాకర్, డిస్క్‌కి విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలాసార్లు డిస్క్ దానంతటదే లాక్ అయి ఉంటుంది. గోడౌన్ తాళంచెవి షావుకారు మొలతాడుకి కట్టుంది, ఆ మొలతాడు మదర్‌బోర్డులో టీపీఎం చిప్ అనుకోండి. డ్రైవ్ బయటికి తీశారంటే తాళంచెవి అక్కడే ఉండిపోయింది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుద్ది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసెస్ కింద చూడండి, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్ళని అడగండి. కీ ఎక్కడా దొరక్కపోతే? అంతే సంగతులు. "మేం తీసిస్తాం, ఐదువేలు" అనేవాళ్ళని నమ్మకండి.

ఇప్పుడు డిలీట్ అయిన ఫైళ్ళు, కొంచెం స్పీడుగా చెప్తా. షావుకారు దగ్గర చిట్టా పుస్తకం ఉంటుంది, ఏ బస్తా ఎక్కడుందో. డిలీట్ అంటే పుస్తకంలో ఆ లైను కొట్టేయడం, బస్తా అక్కడే ఉంటుంది, దాని చోట కొత్త సరుకు దించే దాకా. పాత హార్డ్‌డిస్క్‌లో ఇదే జరుగుతుంది, అందుకే రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్ మీద ఇన్‌స్టాల్ చేయొద్దంటాం. ఫోటోరెక్ లాంటివి పుస్తకం లేకుండానే ప్రతి బస్తా విప్పి వాసన చూసి ఇది కందిపప్పు, ఇది జేపీఈజీ అని చెప్తాయి, ఫైల్ పేర్లు మాత్రం రావు. ఎస్ఎస్‌డి, అంటే తిరిగే డిస్క్ లేకుండా చిప్‌ల మీద నడిచే కొత్త రకం డ్రైవ్, అయితే కథ వేరు, అక్కడ ట్రిమ్ అని ఒక కుర్రాడున్నాడు, లైను కొట్టేయగానే బస్తా పట్టుకెళ్ళి పారేస్తాడు. విండోస్ 7 కాలం నుంచీ ఉన్నాడు వాడు. కాబట్టి ఎస్ఎస్‌డిలో డిలీట్ అయినవి దొరకడం కష్టం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. హార్డ్‌డిస్క్ టిక్ టిక్ మంటోందా, వెంటనే పవర్ తీసేయండి, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ వద్దు, ఫ్రిజ్‌లో అస్సలు పెట్టొద్దు, క్లీన్‌రూమ్, అంటే దుమ్ము లేని గది, ఉన్న ల్యాబ్‌కే ఇవ్వండి. చప్పుడు లేకుండా నెమ్మదించిన డిస్క్ అయితే ముందు డీడీరెస్క్యూ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌తో మొత్తం ఇంకో డిస్క్ మీదికి కాపీ తీసి, వెతుకులాట ఆ కాపీ మీద చేయండి. షాపులో ఆల్రెడీ విండోస్ మళ్ళీ ఎక్కించేశారంటే, ఫార్మాట్ కొట్టకుండా ఎక్కించి ఉంటే సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ ఫోల్డర్ ఉంటుంది, అందులో యూజర్స్ చూడండి, మామూలుగా పది రోజులకి దానంతటదే పోతుంది కాబట్టి ఇవాళే చూడండి.

మ్యాక్‌బుక్ వాళ్ళు, మీ కొత్త వాటిలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, ఉంటుంది, విప్పి తీసేది లేదు, బోర్డు బాగుపడితేనే డేటా, మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషీన్‌తో ముందే తీసిన బ్యాకప్ ఉంటే సరే. దాని గురించి ఇంకో వీడియోలో చెప్తా, ఇక్కడ కెమెరా బ్యాటరీ ఎర్రగా వెలుగుతోంది. ఉంటానండీ.