ఫాల్స్‌లీ అంటే అబద్ధంగా అనేనా?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఒక ఇంగ్లీషు మాట మీద మాట్లాడమని నన్ను పిలిచారు, అదీ అబద్ధాలకు సంబంధించిన మాట. నన్నే ఎందుకు పిలిచారో మాత్రం అడగలేదు.

మా వీధిలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్న కుర్రాడు ఒకడున్నాడు. మొన్న ఇంగ్లీషు పేపర్లో 'ఫాల్స్‌లీ ఇంప్లికేటెడ్' అన్న మాట కింద గీత గీసి, పక్కన పెన్సిలుతో 'అబద్ధంగా ఇరికించబడెను' అని రాసుకున్నాడు. చదివి వినిపిస్తే వాళ్ల మామ్మ, "అదేటి భాషరా? లేనిపోని కేసులో ఇరికించీసారు అను" అంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అనువాదం మాత్రం ఆవిడదే సరైనది.

ఇంగ్లీషువాడు ఏ క్రియ ముందైనా ఫాల్స్‌లీ తగిలించేస్తాడు. మనం 'అబద్ధంగా' అని అలా తగిలించం. క్రియనే మార్చేస్తాం: బొంకాడు, బుకాయించాడు, కోతలు కోశాడు. లేదంటే 'దొంగ' అన్న మాట ముందు పెడతాం. దొంగ సాక్ష్యం, దొంగ ఓటు, దొంగ ఏడుపు, బడి ఎగ్గొట్టడానికి దొంగ కడుపునొప్పి. దొంగ నిద్ర అని మనం రెండు ముక్కల్లో తేల్చేసేదానికి ఇంగ్లీషులో మామూలుగా నాలుగైదు మాటలు వాడతారు.

ఇక చిక్కు ఎక్కడంటే, ఫాల్స్‌లీ రెండు పడవల మీద కాలు పెట్టిన మాట. 'ఫాల్స్‌లీ బిలీవ్డ్' అంటే పొరపాటు పడి నమ్మాడు, అందులో మోసం లేదు. 'ఫాల్స్‌లీ స్వోర్' అంటే తెలిసి తెలిసి దొంగ ప్రమాణం చేశాడు. పత్రికలవాళ్లకి ఈ గోడమీద పిల్లి వాటం బాగా పనికొస్తుంది. 'ఫాల్స్‌లీ క్లెయిమ్డ్' అని రాస్తే, చెప్పింది నిజం కాదని తేల్చినట్టే. చెప్పినవాడి మనసులో ఏముందో నిరూపించే తలనొప్పి ఉండదు. 'లైడ్', అంటే అబద్ధమాడాడు, అని రాస్తే ఆ తలనొప్పి కూడా నెత్తినెత్తుకోవాలి.

శ్రీకాకుళం రోడ్డు స్టేషనే చూడండి. కొత్తవాళ్లు ఊరొచ్చేసిందని దిగుతారు. తీరా చూస్తే అది ఆమదాలవలస. మళ్లీ ఆటో ఎక్కాలి. వాళ్లు 'ఫాల్స్‌లీ' అనుకున్నారు, అంతే. రైల్వే వాళ్లు బొంకారని ఎవరూ అనరు కదా.

ఈ తేడాని బాగా పట్టుకున్నది చట్టం. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతి 191వ సెక్షనులో తప్పుడు సాక్ష్యం గురించి ఉదాహరణలున్నాయి. ఒక సాక్షి, 'ఈ సంతకం ఫలానా ఆయనదని నమ్ముతున్నాను' అని మనస్ఫూర్తిగానే చెప్పాడు. అది ఆయనది కాకపోయినా తప్పుడు సాక్ష్యం కాదు. ఇంకొకడు ఏమీ తెలియకుండానే, 'ఫలానా రోజున ఆయన అక్కడున్నాడని నాకు తెలుసు' అన్నాడు. ఆయన నిజంగా అక్కడే ఉన్నా సరే, అది తప్పుడు సాక్ష్యమే! మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను.

మరి మన ధర్మరాజు సంగతి? చచ్చింది అశ్వత్థామ అనే ఏనుగు. చెప్పిన మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. 'కుంజరః' అన్నది మాత్రం ద్రోణుడికి వినబడకుండా అన్నాడు. ఇక్కడ ఫాల్స్‌లీ అతకదు. 'డిజానెస్ట్‌లీ', అంటే నిజాయితీ లేకుండా, అనాలి.

కానీ ఆ మాటకీ చట్టంలో వేరే కొలత ఉంది. ఒకరికి అక్రమ లాభమో మరొకరికి అక్రమ నష్టమో కలిగించే ఉద్దేశంతో చేస్తేనే అది డిజానెస్ట్‌లీ. లాభనష్టాలంటే అక్కడ ఆస్తి విషయమే. ఇంట్లో లుంగీతో కూర్చుని ఫోన్లో 'దారిలో ఉన్నాను' అనేవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. వంద అబద్ధాలాడి పెళ్లి చేసే పెద్దలు మాత్రం, కట్నం లెక్క దగ్గర కాస్త ఆగి చూసుకోవాలి.

ఈ మాట మన నోళ్లలో అంకెగా నానింది. మోసగించి ఆస్తి రాబట్టుకునే నేరాన్ని 420వ సెక్షను చెప్పేది, అందులో డిజానెస్ట్‌లీ ఉంది. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో కొత్త భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అది 318లో నాలుగో ఉపవిభాగం అయింది. అయినా మన ఊళ్లో ఎవర్నీ 'త్రీ ఎయిటీన్ గాడు' అని తిట్టగా నేనింతవరకూ వినలేదు.