ఏ జ్వరమో తేలకుండా సూది వేయించుకోకండి

శ్రోతలందరికీ నమస్కారం. వానలు పడ్డాయంటే చాలు, ఇటు మన ఒడిశాలో రాయగడ, గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి వైపు ఏ సర్కారు ఆసుపత్రి ఓపీ చూసినా జ్వరాల లైనే పెద్దది. ఆ లైన్లో ఉన్నవాళ్లని ఎన్నాళ్లయిందమ్మా అని అడిగితే నాలుగైదు రోజులంటారు, మరి ఇన్నాళ్లూ ఏం చేశారంటే మెడికల్ షాపులో చెప్పి బిళ్లలు తెచ్చుకున్నాం, తగ్గలేదని ఊళ్లో ఒకాయన దగ్గర సూది వేయించుకున్నాం, నీరసంగా ఉందని సెలైన్ ఎక్కించుకున్నాం అంటారు, రక్తపరీక్ష మాత్రం చేయించుకుని ఉండరు. ఓపీలో కూర్చునే డాక్టర్‌గా నాకు బాధ కలిగించేది ఇదేనండి. మన ప్రాంతంలో వచ్చే జ్వరాల్లో కొన్నింటికి ఆ నాలుగైదు రోజులే చాలు, మనిషి ప్రాణం మీదకి రావడానికి.

కొండల పక్కన ఉండేవాళ్లకి జ్వరం అంటే ముందు అనుమానించాల్సింది మలేరియానే. నెమ్మదిగా పారే గెడ్డల్లో గుడ్లు పెట్టే దోమ మనకి ఎక్కువ. 2016లో ఒడిశా మొత్తం మీద 4 లక్షలకు పైగా మలేరియా కేసులు వచ్చాయి, 2017లో దమన్ కార్యక్రమం పెట్టి మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్షలు చేసి, మందు దోమతెరలు ఇంటింటికీ పంచాక 2018కి ఆ లెక్క 70 వేల లోపుకి దిగింది. అంటే పరీక్ష చేసి వెంటనే మందిస్తే ఎంత తేడా వస్తుందో మన జిల్లాలే చూపించాయి. కానీ మలేరియా పోలేదండి, ఇంకా ఉంది.

పరీక్ష కూడా ఏమంత పెద్ద పని కాదు. మీ ఊరి ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది, వేలు కొనమీద చిన్న పోటు, ఒక్క చుక్క రక్తం, దానిమీద కిట్‌తో వచ్చే మందు చుక్కలు వేసి 15, 20 నిమిషాలు ఆగి చూడాలి. కిట్ మీద సి అనే ఇంగ్లీషు అక్షరం దగ్గర ఒక్క గీతే వస్తే మలేరియా కనబడలేదని, రెండో గీత కూడా వస్తే ఉందని. ఆ సి గీతే రాకపోతే కిట్ పాడైనట్టు, ఇంకో కిట్‌తో మళ్లీ చెయ్యమనాలి. రెండో గీత రాలేదు కానీ జ్వరం ఆగట్లేదు అంటే మర్నాడు మళ్లీ చేయించండి, ఒక్కసారి రాలేదని వదిలెయ్యకూడదు.

మలేరియాలో ఫాల్సిపారం రకమైతే మెదడుకి ఎక్కే ప్రమాదం ఉంది, దానికి మూడు రోజుల మందు ఉంది. వైవాక్స్ అయితే అది లివర్లో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది, అందుకే మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. మూడో రోజుకి జ్వరం దిగిపోతుంది కదా, ఇంక ఎందుకులే అని మిగతా బిళ్లలు గూట్లో పెట్టేస్తారు, ఆ మిగిలిపోయిన బిళ్లలే మళ్లీ జ్వరం తెస్తాయి. గర్భిణీలకి, ఏడాది లోపు పిల్లలకి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు, అది వాడుతుంటే మూత్రం నల్లగా వచ్చిందంటే ఆపేసి వెంటనే ఆసుపత్రికి రండి.

మలేరియా లేదని తేలాక చాలామంది నేరుగా టైఫాయిడ్ అనుకుంటారు. వైడాల్ అని ఒక పరీక్ష చేయించి కాగితం తెచ్చి, సార్ టైఫాయిడ్ ఉందంట అంటారు. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికి కూడా ఆ పరీక్ష పాజిటివ్ చూపించొచ్చు, ఒక్క వైడాల్ కాగితం పట్టుకుని టైఫాయిడ్ అని ఖాయం చెయ్యలేం, రక్తంలోని క్రిముల్ని ల్యాబులో పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేస్తే నమ్మొచ్చు. ఈలోపు అనవసరంగా యాంటీబయాటిక్ సూదులు పడిపోతుంటాయి, అసలు జబ్బు ఏమో లోపల అలాగే ఉంటుంది.

ఆ అసలు జబ్బు చాలాసార్లు స్క్రబ్ టైఫస్ అవుతుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. కుట్టిన చోట బీడీ చురక పెట్టినట్టు నల్లటి పక్కు కడుతుంది, చుట్టూ ఎర్రగా ఉంటుంది, కానీ నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే మనిషికే తెలీదు. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం దగ్గర మొలతాడు కింద వెతకాలి. ఆడవాళ్లు సిగ్గుపడి చూపించరు, పోనీ ఇంట్లో తల్లో అక్కో చూసి నాకు చెప్పినా చాలు. అందరికీ ఆ పక్కు కనబడాలని లేదు, రక్తపరీక్ష కూడా ఉంది. డాక్సీసైక్లిన్ అనే మామూలు, చవక బిళ్లకి చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. గర్భిణీలకి మందు వేరు, కాబట్టి సొంతంగా కొని వాడొద్దు.

డెంగ్యూ సంగతి ఒక్కటే చెప్తాను. జ్వరం తగ్గిందని సంబరపడే రోజే అందులో జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఇంట్లో ఉండకండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్లలు, నొప్పి సూదులు వద్దు.

సెలైన్ గురించి కూడా చెప్పాలి. అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంతేనండి. నోటితో తాగగలిగే మనిషికి గంజి, మజ్జిగ, ఓఆర్ఎస్ దానికంటే మేలు. ఒక్క సూదితో జ్వరం మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, జ్వరం కనబడదు గానీ జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

మాట తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం ఉన్నా, కళ్లు పచ్చబడినా, మూత్రం రాకపోయినా, చంటిపిల్ల పాలు తాగకపోయినా పరీక్షలు ఊళ్లో చేయించుకుందాంలే అనుకోకుండా అంబులెన్స్‌కి 108 కొట్టండి.

మనలో చాలామంది శ్రీకాకుళం, పార్వతీపురం, విశాఖపట్నం ఆసుపత్రులకి వెళ్తారు, చుట్టాలున్నారని, భాష ఒకటేనని. వెళ్లండి, తప్పేం లేదు. కానీ అక్కడి డాక్టర్‌కి మీ ఊరు కొండ పక్కన ఉందని ఎలా తెలుస్తుంది, చుట్టాలింటి అడ్రస్ రాయిస్తే వాళ్లకి మలేరియా తట్టకపోవచ్చు. అందుకని లోపలికి వెళ్లగానే అడగకముందే చెప్పండి, మాది ఒడిశాలో ఫలానా ఊరు, మొన్న జీడితోటలో పని చేశాను, అడవికి కట్టెలకి వెళ్లాను, జ్వరం ఫలానా రోజు మొదలైంది, ఊళ్లో ఈ మందులు వాడాను అని. కిట్ పరీక్ష చేసిన తేదీ, వాడిన మందు పేర్లు ఒక చీటీ మీద ఆశా దీదీతో రాయించుకుని వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే మలేరియా తగ్గిపోయాక కూడా కొన్ని వారాల పాటు కిట్‌లో ఆ ఫాల్సిపారం గీత కనబడొచ్చు, ఆ చీటీ లేకపోతే ఇది పాతదా కొత్తదా అన్నది అక్కడ డాక్టర్‌కి తేల్చడం కష్టం.